పది లీటర్ల పెట్టెలో 500 వాట్ల వేడి: చిన్న డెస్క్‌టాప్‌లో లిక్విడ్ కూలింగ్ అసలు చేసే పనేంటి?

గేమ్ ఆడుతున్న ఒక గట్టి డెస్క్‌టాప్‌ను తీసుకుందాం. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు కలిసి 500 వాట్లు లాగుతున్నాయి. ఆ కరెంటు బొమ్మలుగానో లెక్కలుగానో మారి ఎక్కడికో మాయమైపోదు. చివరికి ప్రతి వాటూ వేడిగానే తేలుతుంది. ఇప్పుడు ఆ కంప్యూటర్ మొత్తాన్నీ పది లీటర్ల పెట్టెలో, అంటే ఓ చిన్న బకెట్ అంత చోట్లో సర్దామనుకోండి. లోపలికి వచ్చే గాలి కంటే బయటికి పోయే గాలి 10 డిగ్రీలకు మించి వేడెక్కకూడదని గిరి గీసుకుంటే, సెకనుకు సుమారు 41 లీటర్ల గాలి ఆ పెట్టె గుండా పోవాలి. పెట్టెలోని గాలంతా సెకనుకు నాలుగుసార్లు మారిపోవాలన్నమాట.

అదే 500 వాట్లను, అదే 10 డిగ్రీల తేడాతో, నీటితో మోయించాలంటే సెకనుకు 12 మిల్లీలీటర్లు చాలు. రెండు మూడు టీస్పూన్ల నీళ్లు. ఒకే పరిమాణం తీసుకుంటే గాలి కంటే నీరు దాదాపు 3,500 రెట్లు ఎక్కువ వేడిని మోయగలదు.

ఈ అంకె చూడగానే చిన్న కంప్యూటర్‌కు నీళ్లే మందు అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. కానీ ఇందులో ఒక మెలిక ఉంది. నీరు వేడిని మోస్తుంది, అంతే. దాన్ని ఎక్కడో ఒకచోట దించాలి. ఆ దించే చోటు రేడియేటర్. రేడియేటర్ ఆ వేడిని అప్పగించేది మళ్లీ గాలికే. అంటే సెకనుకు 41 లీటర్ల లెక్క ఎక్కడికీ పోలేదు. పెట్టెలో నీళ్లు పెట్టినా, రాగి దిమ్మ పెట్టినా, ఆఖరున గదిలోకి పోవాల్సిన వేడి అంతే, దాన్ని తీసుకుపోవాల్సిన గాలీ అంతే. లిక్విడ్ కూలింగ్ మీద జరిగే సగం వాదనలు ఈ ఒక్క విషయం మరిచిపోవడం వల్లే వస్తాయి.

మరి నీళ్ల వల్ల లాభమేంటి? చిన్న పెట్టెలో ముఖ్యమైన లాభం ఒక్కటే, కానీ పెద్దది. వేడి పుట్టే చోటును, వేడి బయటికి పోయే చోటును వేరు చేయొచ్చు.

ఎయిర్ కూలర్‌లోనూ నీళ్లే

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి చెప్పాలి. కంప్యూటర్‌లో ప్రాసెసర్‌ను ఫ్యాన్ గాలితో చల్లబరిచే, మనం ఎయిర్ కూలర్ అని పిలిచేదాంట్లో కూడా నీళ్లుంటాయి. రాగి హీట్ పైపుల్లో గాలి తీసేసి, కొద్దిగా నీరు పోసి సీలు వేస్తారు. లోపల పీడనం బాగా తక్కువ కాబట్టి ఆ నీరు 100 డిగ్రీల దాకా ఆగదు, ప్రాసెసర్ కాస్త వేడెక్కగానే ఆవిరవుతుంది. ఆవిరి చల్లటి చివరకు వెళ్లి, అక్కడ ఫిన్లకు, అంటే గాలి తగిలే సన్నటి లోహపు రేకులకు వేడినిచ్చి మళ్లీ నీరై, పైపు లోపలి గోడ మీది సన్నటి జాలీ వెంట పాకుతూ వెనక్కి వస్తుంది. పంపు లేదు, కరెంటు అక్కర్లేదు, చెడిపోయే భాగం లేదు.

ఆవిరయ్యేటప్పుడు నీరు మింగే వేడి మామూలుది కాదు. పైన చెప్పిన 500 వాట్లకు సెకనుకు 0.2 గ్రాముల నీరు ఆవిరైతే సరిపోతుంది. 41 లీటర్ల గాలి, 12 మిల్లీలీటర్ల నీరు, 0.2 గ్రాముల ఆవిరి: మూడూ చేసే పని ఒక్కటే. మోసే సత్తా ఒక్కటే చూస్తే హీట్ పైపు ముందు పంపూ ట్యూబులూ దిగదుడుపే.

అయితే హీట్ పైపు గట్టి లోహం. తయారైనప్పుడు ఎలా వంచారో అలాగే ఉంటుంది. ఎక్కువ వంచినా, నలిగినా, పొడుగైనా మోసే శక్తి పడిపోతుంది. అందుకే ఫిన్లు ప్రాసెసర్‌కు ఆనుకుని, దాని నెత్తి మీదే ఉండాలి. పెద్ద కేసులో ఇది సమస్య కాదు. నాక్టువా ఎన్‌హెచ్-డి15 లాంటి కూలర్ ఎత్తు 165 మిల్లీమీటర్లు. మామూలు టవర్ కేసులో అది హాయిగా నిలబడుతుంది. చిన్న కేసులో అసలు చిక్కు ఆ ఎత్తు దగ్గరే వస్తుంది.

మిల్లీమీటర్ల బేరం

చిన్న డెస్క్‌టాప్‌లన్నీ ఎక్కువగా మినీ-ఐటీఎక్స్ మదర్‌బోర్డు చుట్టూ కడతారు. 2001లో వయా కంపెనీ తెచ్చిన కొలత ఇది, 170 మి.మీ. పొడవు, 170 మి.మీ. వెడల్పు. మామూలు ఏటీఎక్స్ బోర్డు 305 మి.మీ. పొడవు, 244 మి.మీ. వెడల్పు ఉంటుంది. బోర్డు చిన్నదైనంత మాత్రాన దాని మీద కూర్చునే ప్రాసెసర్ చిన్నదవదు, అది తినే కరెంటూ తగ్గదు. పెద్ద బోర్డు మీద పెట్టే చిప్పే ఇక్కడా పెడతాం.

బాగా చిన్న కేసుల్లో శాండ్‌విచ్ అమరిక వాడతారు. మదర్‌బోర్డు ఒకవైపు, గ్రాఫిక్స్ కార్డు దాని వెనక వీపుకు వీపు ఆనించినట్టు, మధ్యలో రెండిటినీ కలిపే రైజర్ కేబుల్. చోటు భలే కలిసొస్తుంది. కానీ ప్రాసెసర్ మీద మిగిలేది రెండు వేళ్ల సందే. 7.2 లీటర్ల డాన్ ఏ4-ఎస్‌ఎఫ్‌ఎక్స్ కేసులో కూలర్ ఎత్తు 48 మి.మీ. దాటకూడదు. ఆ ఎత్తులో దొరికే కూలర్లు చాలా బాగా తయారైనవే, నాక్టువా ఎన్‌హెచ్-ఎల్9ఐ అయితే 37 మి.మీ.లోనే ముగుస్తుంది. కానీ అంత పొట్టి ఫిన్లు, అంత సన్నటి ఫ్యాన్ 65 వాట్ల ప్రాసెసర్‌కు సరిపోతాయి. ఇంటెల్ కోర్ ఐ9-14900కె లాంటి ప్రాసెసర్ టర్బోలో, అంటే వేగం పెంచుకున్నప్పుడు, 253 వాట్ల దాకా పోతుంది. దాని మీద 37 మి.మీ. కూలర్ పెడితే చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుని బతకాలి.

ట్యూబులు కాపాడేది ఇక్కడే. ప్రాసెసర్ మీద ఫిన్ల గుట్ట అక్కర్లేదు, లోపల నీరు పారే ఒక చిన్న బ్లాక్ చాలు. ఫిన్లను కేసు పైకప్పుకో, పక్క గోడకో, ఎక్కడ గాలి ఆడుతుందో అక్కడికి తరలించొచ్చు. డాన్ కేసెస్ వాళ్లే తర్వాత లియన్ లీతో కలిసి చేసిన ఏ4-హెచ్2ఓలో ఈ ఆలోచన కేసు పేరులోకే ఎక్కింది, హెచ్2ఓ అంటే నీరే కదా. 11 లీటర్ల ఆ కేసులో పైకప్పు కింద 240 రేడియేటర్ పడుతుంది.

కొలతల్లో బోల్తా పడే చోట్లు కొన్ని ఉన్నాయి. 240 రేడియేటర్ అంటే రెండు 120 మి.మీ. ఫ్యాన్లు పట్టేదని అర్థం, దాని పొడవు 240 అని కాదు. రెండు చివర్ల ట్యాంకులతో కలిపి దాదాపు 275 దాకా ఉంటుంది. మందం మామూలుగా 27 మి.మీ., దానికి 25 మి.మీ. ఫ్యాన్ కలిస్తే 52. ఆర్కిటిక్ లిక్విడ్ ఫ్రీజర్ రేడియేటర్ 38 మి.మీ. మందం, ఫ్యాన్లతో 63. పెద్ద కేసులో ఆ 11 మి.మీ. తేడా ఎవరికీ పట్టదు. చిన్న కేసులో అదే పవర్ సప్లై కేబుళ్ల చోటు. ఇంకో తమాషా ఏంటంటే, చాలా ఏఐఓల్లో (సీలు వేసి అమ్మే నీళ్ల కూలర్లలో) పంపుతో కలిసిన బ్లాక్ ఎత్తు కూడా 50 మి.మీ.కు అటూ ఇటూగా ఉంటుంది. అంటే 48 మి.మీ. హద్దు ఉన్న కేసులో ఎయిర్ కూలర్ పడుతుంది, నీళ్ల బ్లాక్ పడదు! కొనేముందు రేడియేటర్ పడుతుందా అని అందరూ చూస్తారు, బ్లాక్ ఎత్తు చూసేవాళ్లు తక్కువ.

వేడి దిగే మెట్లు

టెంపరేచర్‌ను మెట్లుగా ఊహించుకుంటే మిగతా కథ తేలిగ్గా అర్థమవుతుంది. సిలికాన్ చిప్ పైమెట్టు, గది గాలి కిందిమెట్టు. వేడి ఎప్పుడూ పై నుంచి కిందికే దిగుతుంది, ఇలాంటి ఏ కూలరూ చిప్‌ను గది కంటే చల్లగా చేయలేదు. మధ్యలో ఉన్నవి: చిప్ మీది లోహపు మూత, థర్మల్ పేస్ట్, బ్లాక్ అడుగున ఉండే రాగి పలక, నీరు, రేడియేటర్ ఫిన్లు. వాట్లు పెరిగే కొద్దీ ప్రతి మెట్టు ఎత్తూ అదే నిష్పత్తిలో పెరుగుతుంది.

పెద్ద రేడియేటర్, మంచి ఫ్యాన్లు పెడితే నీటికీ గాలికీ మధ్య మెట్టు మాత్రమే తగ్గుతుంది. చిప్‌కూ నీటికీ మధ్య మెట్లు అలాగే ఉంటాయి. ఇప్పటి ప్రాసెసర్లలో పెద్ద మెట్లు అవే. ఏఎమ్‌డీ రైజెన్ 9 7950ఎక్స్ ప్రాసెసర్ తాను కూర్చునే సాకెట్ నుంచి 230 వాట్ల దాకా తీసుకోగలదు. ఆ వేడిలో ఎక్కువ భాగం ఒక్కొక్కటి 70 చదరపు మిల్లీమీటర్లుండే రెండు చిన్న ముక్కల్లోనే పుడుతుంది. చదరపు మిల్లీమీటరుకు ఒక వాటుకు పైనే. పైగా పాత కూలర్లు కొత్త సాకెట్‌కూ సరిపోవాలని ఆ తరం చిప్‌ల మూత మందంగా చేశారు. అంత చిన్న చోటు నుంచి, అంత మందం దాటి వేడి బయటికి రావడమే కష్టం. వచ్చాక నీళ్లున్నాయా, గాలుందా అన్నది తర్వాతి మాట. ఈ చిప్‌ను పూర్తి లోడ్ మీద 95 డిగ్రీల దాకా పోయేలా తయారుచేసిన వాళ్లే అనుమతించారు. అందుకే ఖరీదైన ఏఐఓ పెట్టినా 95 చూపిస్తోందని బెంబేలెత్తాల్సిన పని లేదు. మంచి కూలర్ పెడితే చిప్ అదే 95 దగ్గర ఇంకొంచెం ఎక్కువ వేగంతో పనిచేస్తుంది.

గ్రాఫిక్స్ కార్డు సంగతి పూర్తిగా వేరు. ఆర్‌టీఎక్స్ 4090 450 వాట్లు తింటుంది, కానీ దాని చిప్ 608 చదరపు మిల్లీమీటర్లు. చదరపు మిల్లీమీటరుకు ముప్పావు వాటే. దాని మీద మూత కూడా ఉండదు, బ్లాక్ నేరుగా సిలికాన్‌కు ఆనుతుంది. కాబట్టి పైమెట్లు పొట్టివి, నీటి వల్ల వచ్చే లాభమంతా కంటికి కనిపిస్తుంది. చిత్రమేంటంటే లిక్విడ్ కూలింగ్ అనగానే అందరూ ముందు ప్రాసెసర్‌కే పెడతారు. ఎక్కువ లాభపడేది మాత్రం కార్డు.

ఇంకో సందేహం కూడా ఇక్కడే తీర్చుకోవచ్చు. నీరు ముందు ప్రాసెసర్‌కు వెళ్లాలా, కార్డుకు వెళ్లాలా? నిమిషానికి ఒక లీటరు తిరిగే లూప్‌లో, అంటే నీటి చుట్టులో, 250 వాట్ల భాగాన్ని దాటిన నీరు 3.6 డిగ్రీలే వేడెక్కుతుంది. కాసేపటికి లూప్ అంతా దాదాపు ఒకే వేడికి వచ్చి నిలబడుతుంది. చిన్న కేసులో వరస గురించి తల బద్దలుకొట్టుకోకుండా, ట్యూబు ఎక్కడ తక్కువ వంకరలతో పోతుందో అలా వేసుకోవడం మేలు.

రేడియేటర్ పీల్చేది ఎవరి గాలి?

నా దృష్టిలో చిన్న కేసు కూలింగ్‌లో సగం నిర్ణయం ఈ ప్రశ్నే. రేడియేటర్ బయటి గాలిని పీల్చి లోపలికి తోయాలా, లోపలి గాలిని లాగి బయటికి తోయాలా?

లోపలి గాలిని బయటికి తోసేలా పెట్టామనుకుందాం. గ్రాఫిక్స్ కార్డు 300 వాట్ల వేడిని కేసులోకి వదులుతోంది, సెకనుకు 25 లీటర్ల గాలి ఆడుతోంది. ఆ గాలి రేడియేటర్‌ను చేరేలోపే 10 డిగ్రీలు వేడెక్కి ఉంటుంది. ఆ 10 డిగ్రీలూ నీటికి, అక్కడి నుంచి ప్రాసెసర్‌కూ నేరుగా కలుస్తాయి. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, కార్డు వేడికి ప్రాసెసర్ బలి.

తిప్పి పెడదాం. రేడియేటర్‌కు తాజా గాలి అందుతుంది, ప్రాసెసర్ హాయిగా ఉంటుంది. గేమ్‌లో ప్రాసెసర్ 120 వాట్లు తింటుంటే, అదే గాలికి అది కలిపే వేడి 4 డిగ్రీలు. ఆ మేరకు వెచ్చబడిన గాలి కార్డుకు పోతుంది. 10 కంటే 4 నయం కదా అని ఇక్కడితో తేల్చేయాలనిపిస్తుంది. కానీ శాండ్‌విచ్ కేసుల్లో చాలావరకు కార్డు ఫ్యాన్లు పక్క జాలీకి ఆనుకుని బయటి గాలినే నేరుగా పీలుస్తాయి. అలాంటప్పుడు రేడియేటర్ వదిలిన వెచ్చటి గాలి కార్డుకు పెద్దగా తగలదు. అయితే పై నుంచి రేడియేటర్, పక్క నుంచి కార్డు, రెండూ లోపలికే ఊదితే ఆ గాలి పోయే దారేది? మిగిలిన జాలీలు తెరిచి ఉంటే పరవాలేదు. మూసి ఉంటే లోపలున్న ఎస్ఎస్‌డీ, ర్యామ్ ఉడుకుతాయి.

అందుకే ఇందులో అందరికీ చెల్లే జవాబు లేదు. మీ కేసులో కార్డు ఎక్కడి గాలి పీలుస్తోందో చూడండి, ఫ్యాన్లను రెండు దిశల్లోనూ పెట్టి చూడండి. ఒక మధ్యాహ్నం పని. అంతకంటే నమ్మదగిన సలహా నేనివ్వలేను.

ర్యామ్, ఎస్ఎస్‌డీ మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. పొట్టి ఎయిర్ కూలర్ గాలిని కిందికి, బోర్డు మీదికి ఊదుతుంది. ప్రాసెసర్‌తో పాటు దాని పక్కన కరెంటును సర్దే వీఆర్ఎం భాగాలకూ, ర్యామ్‌కూ ఆ గాలి ఊరికే దొరుకుతుంది. నీళ్ల బ్లాక్ పెట్టగానే ఆ గాలి ఆగిపోతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ప్రాసెసర్ చల్లబడి వీఆర్ఎం వేడెక్కే కేసులు చిన్న బోర్డుల్లో తక్కువేమీ కావు. ఆర్కిటిక్ తన బ్లాక్ మీద ప్రత్యేకంగా ఒక చిన్న ఫ్యాన్ పెట్టింది ఇందుకే.

సీలు వేసినదా, సొంతంగా కట్టుకున్నదా?

ఏఐఓ అంటే ఫ్యాక్టరీలోనే నీరు నింపి సీలు వేసిన సెట్. పంపును బ్లాక్‌లోనే ఇమిడ్చే పద్ధతికి డెన్మార్క్‌కు చెందిన ఆసెటెక్ పేటెంటు తీసుకుని, దాని మీద ఇతర కంపెనీలతో కోర్టుల్లో చాలాకాలం పోరాడింది. కొన్ని ఏఐఓల్లో పంపు బ్లాక్‌లో కాకుండా రేడియేటర్ దగ్గరో ట్యూబు మధ్యలోనో కనిపించడానికి ఆ పేటెంటు కూడా ఒక కారణం.

ఏఐఓలో ఎంత సీలు వేసినా, ఏళ్లు గడిచే కొద్దీ నీరు రబ్బరు ట్యూబుల గోడల గుండా అణువణువుగా బయటికి పోతూనే ఉంటుంది. ఆ చోట్లోకి గాలి చేరుతుంది. కొత్త ఏఐఓలో కూడా కొంచెం గాలి ఉంటుంది. గాలి ఎప్పుడూ ఎత్తైన చోటుకే పోతుంది కాబట్టి, లూప్ మొత్తంలో పంపు అన్నిటికంటే ఎత్తులో ఉండకూడదు. ఉంటే గాలంతా పంపులో చేరి గడగడ శబ్దం వస్తుంది, నీటి తిరుగుడు తగ్గుతుంది, పంపు అరుగుతుంది. పెద్ద కేసులో రేడియేటర్ పైనే ఉంటుంది గనుక ఈ తప్పు అంత సులభంగా జరగదు. చిన్న కేసులను నిలువుగా, అడ్డంగా, తలకిందులుగా ఎలాగైనా పెట్టుకుంటాం. నేను ఒకసారి బల్ల మీద బాగుంటుందని కేసును పక్కకు పడుకోబెట్టాను. మూడు రోజులు ఏదో బుడబుడ శబ్దం వస్తుంటే ఫ్యాన్ పాడైందనుకుని రెండుసార్లు విప్పాను. ఫ్యాన్‌కేమీ కాలేదు, పంపు రేడియేటర్ కంటే ఎత్తుకు వచ్చింది. కేసును మళ్లీ నిలబెడితే పది నిమిషాల్లో శబ్దం పోయింది.

సొంతంగా కట్టుకునే కస్టమ్ లూప్‌లో పంపు, బ్లాక్, రేడియేటర్ వేర్వేరుగా కొని ట్యూబులు మనమే బిగించుకుంటాం. చిన్న కేసుల్లో డీ5 పంపు కంటే చిన్నదైన డీడీసీ పంపునే ఎక్కువగా వాడతారు. కొన్నిటిని బ్లాక్ మీదే కూర్చోబెట్టొచ్చు. స్వేచ్ఛ ఎక్కువ, పొరపాట్లకు దారీ ఎక్కువే. అందులో పెద్దది లోహాల పొరపాటు. బ్లాక్ రాగి, రేడియేటర్ అల్యూమినియం అయితే, రెండిటి మధ్య తిరిగే నీరు బ్యాటరీలో ద్రవం లాంటిది. రాగి పొటెన్షియల్ ప్లస్ 0.34 వోల్టులు, అల్యూమినియంది మైనస్ 1.66. ఈ తేడా వల్ల అల్యూమినియం కరుగుతూ పోతుంది, ఆ తెట్టు వచ్చి బ్లాక్‌లోని వెంట్రుకవాసి సందుల్లో అడ్డుపడుతుంది. ఏఐఓల్లో చాలావరకు రాగీ అల్యూమినియం కలిసే ఉంటాయి. వాటిలో తుప్పు పట్టకుండా ఆపే రసాయనాలు కలిపి, లోపలికి గాలి రాకుండా సీలు వేస్తారు కాబట్టి ఏళ్ల తరబడి నడుస్తాయి. ఏఐఓకు నడిచింది కదా అని మనం ఉత్త డిస్టిల్డ్ వాటర్ పోసి అదే కలయిక చేస్తే నడవదు. కస్టమ్ లూప్‌లో రాగి, ఇత్తడి, నికెల్ పూతతోనే సరిపెట్టుకోవాలి. నాచు పట్టకుండా మందు కూడా కలపాలి.

చప్పుడు: వేగం కాదు, మాటిమాటికీ మారడం

చిన్న కంప్యూటర్ బల్ల మీద, చెవికి దగ్గరగా ఉంటుంది. అందుకే టెంపరేచర్ కంటే చప్పుడే ఎక్కువ విసిగిస్తుంది. ఫ్యాన్ వేగం రెట్టింపు చేస్తే గాలి రెట్టింపు అవుతుంది, కానీ చప్పుడు 15 డెసిబెల్స్ దాకా పెరుగుతుంది, దానికి కావాల్సిన కరెంటు ఎనిమిది రెట్లవుతుంది. చోటు కోసం 25 మి.మీ. ఫ్యాన్ బదులు 15 మి.మీ. సన్నటిది పెడితే, రేడియేటర్ ఫిన్ల గుండా గాలిని నెట్టే ఒత్తిడి చాలదు. దాన్ని వేగంతో పూడ్చాల్సి వస్తుంది, ఫలితం గోల. నా మాట వింటే, సన్నటి ఫ్యాన్ ఆఖరి దారి.

నీటికి ఉన్న ఇంకో సుగుణం ఇక్కడ పనికొస్తుంది. అది నెమ్మదిగా వేడెక్కుతుంది. అర లీటరు నీటిని 250 వాట్లతో ఒక్క డిగ్రీ పెంచాలంటే ఎనిమిది సెకన్లకు పైనే పడుతుంది. ప్రాసెసర్ సెన్సర్ మాత్రం ఒక బ్రౌజర్ ట్యాబ్ తెరవగానే క్షణంలో 20, 30 డిగ్రీలు ఎగిరి, మళ్లీ పడుతుంది. మదర్‌బోర్డు సెట్టింగులు మామూలుగా ఆ సెన్సర్‌నే చూసి ఫ్యాన్లు తిప్పుతాయి. దాంతో ఫ్యాన్లు మాటిమాటికీ గయ్యిమని లేచి పడుకుంటాయి. ఆ ఎగుడుదిగుళ్లకు రేడియేటర్ ఫ్యాన్లు చేయగలిగేది ఏమీ లేదు, ఎందుకంటే అప్పటికింకా నీరు వేడెక్కనే లేదు. నీటి టెంపరేచర్ చూపించే సెన్సర్ ఉంటే ఫ్యాన్లను దానికి కట్టాలి. లేకపోతే సెట్టింగుల్లో ఫ్యాన్ స్పందనను కొన్ని సెకన్లు ఆలస్యం చేయాలి. పైసా ఖర్చు లేని ఈ మార్పుతో వచ్చే ప్రశాంతత కొత్త ఫ్యాన్లు కొన్నా రాదు.

నెమ్మదిగా వేడెక్కడానికి రెండో వైపూ ఉంది. రెండు నిమిషాల టెస్టు పెట్టి చూసి బ్రహ్మాండం అనుకోకూడదు. నీరు తన స్థిరమైన వేడికి చేరడానికి 20, 30 నిమిషాలు పడుతుంది. అప్పుడు కనిపించేదే అసలు అంకె. పంపులు ఎక్కువగా 60 డిగ్రీల లోపు నీటికే తయారవుతాయి కాబట్టి, నీరు 50 దాటుతోందంటే రేడియేటర్ చాలడం లేదని అర్థం.

కార్డును కూడా నీటిలోకి దించితే

ఆర్‌టీఎక్స్ 4090 ఫౌండర్స్ ఎడిషన్ కొలతలు 304, 137, 61 మి.మీ. గుణిస్తే రెండున్నర లీటర్లు. పది లీటర్ల పెట్టెలో నాలుగో వంతు ఒక్క కార్డే, అందులోనూ ఎక్కువ భాగం ఫిన్లు, ఫ్యాన్లే. వాటిని ఊడదీసి వాటర్ బ్లాక్ పెడితే కార్డు మందం సగానికంటే తగ్గిపోతుంది. చిన్న కేసుల పిచ్చి ఉన్నవాళ్లకు అసలు ఆకర్షణ ఇదే.

కానీ ఊడదీసిన ఆ ఫిన్లు ఊరికే లేవు, 450 వాట్లను గాలికి ఇస్తున్నవి అవే. ఇప్పుడా పని రేడియేటర్ మీద పడింది, ప్రాసెసర్ వాట్లకు అదనంగా. 250 వాట్లకు నీరు గాలి కంటే 12 డిగ్రీలు ఎక్కువ ఉండే రేడియేటర్ ఉందనుకోండి. అదే వేగంతో తిరిగే ఫ్యాన్లతో 550 వాట్లకు ఆ తేడా 26 డిగ్రీలు దాటుతుంది. గది 30 డిగ్రీలుంటే నీరు 56. పంపు హద్దుకు బెత్తెడు దూరం. "120 మి.మీ.కు వంద వాట్లు" అనే మోటు లెక్క అందరి నోటా వినిపిస్తుంది గానీ, ఎంత టెంపరేచర్ తేడాకు, ఎంత ఫ్యాన్ వేగానికి అన్నది చెప్పని ఆ లెక్కతో ఏమీ తేలదు.

కొందరు దీనికి వేసే ఎత్తు చూస్తే నవ్వొస్తుంది. కంప్యూటర్‌ను ఆరేడు లీటర్లకు కుదించి, రేడియేటర్‌ను ఏకంగా బయట పెట్టేస్తారు. జర్మనీకి చెందిన వాటర్‌కూల్ కంపెనీ చేసే మో-రా లాంటి రేడియేటర్‌కు 120 మి.మీ. ఫ్యాన్లు తొమ్మిది పడతాయి. కంప్యూటర్ కంటే రేడియేటరే పెద్దది! మధ్యలో చుక్క కారకుండా ఊడిపోయే క్విక్ డిస్‌కనెక్ట్‌లు. వెక్కిరించడం తేలికే కానీ ఫిజిక్స్ లెక్కన వాళ్లది తప్పు కాదు. ఫిన్ల వైశాల్యం పెరిగింది, రేడియేటర్ పీల్చేది తాజా గాలి, ఫ్యాన్లు దాదాపు వినపడవు. ఆ పెద్ద రేడియేటర్‌ను కూడా లెక్కేసుకుంటే ఆ కంప్యూటర్‌ను చిన్నదనాలా వద్దా అన్నది మీ ఇష్టం.

ఇంకో దారి, అంతగా ఎవరూ గొప్పగా చెప్పుకోనిది, వేడినే తక్కువ పుట్టించడం. చిప్‌లు తమ ఆఖరి కొద్దిపాటి వేగం కోసమే ఎక్కువ వోల్టేజీ అడుగుతాయి, వోల్టేజీ వర్గానికి తగ్గట్టు వాట్లు పెరుగుతాయి. రైజెన్ 9 7950ఎక్స్‌లో 105 వాట్లు, 65 వాట్ల ఎకో మోడ్‌లు, అంటే తక్కువ కరెంటుతో నడిపే సెట్టింగులు ఉన్నాయి. అందులో మొదటిది పెడితే పోయే వేగం కంటే తగ్గే వేడి చాలా ఎక్కువ. 65 వాట్ల ప్రాసెసర్ వాడేవాళ్లకు, లేదా ఎన్‌కేస్ ఎం1 లాగా 130 మి.మీ. కూలర్ పట్టే కేసున్న వాళ్లకు నేనైతే నీళ్ల జోలికి వెళ్లొద్దనే చెబుతాను. పని లేనప్పుడు ఎయిర్ కూలర్ ఫ్యాన్ దాదాపు ఆగిపోతుంది, పంపు మాత్రం సన్నగా మూలుగుతూనే ఉంటుంది.

లీకు టెన్షన్

చివరికి అందరూ అడిగేది ఇదే. ఏఐఓల్లో లీకులు అరుదు. పంపు అలిసిపోవడమో, నీరు తగ్గి గాలి చేరడమో ముందుగా జరుగుతాయి. చాలా కంపెనీలు ఐదారేళ్ల వారంటీ ఇవ్వడం కూడా ఇంచుమించు ఆ ఆయుష్షును చూసే. లోడ్ అదే ఉన్నా ఏడాదికేడాది టెంపరేచర్ పెరుగుతుంటే, పేస్ట్ మార్చినా తగ్గకపోతే, దాని రోజులు దగ్గర పడ్డట్టే.

కస్టమ్ లూప్‌లో మాత్రం బాధ్యత మీదే. డిస్టిల్డ్ వాటర్‌కు కరెంటు అంతగా అంటదని ధైర్యం చెప్పుకోకండి, లోహాల గుండా తిరిగిన నీరు కొన్నాళ్లకు కరెంటును మోస్తుంది. నింపే ముందు లూప్‌లోకి గాలి కొట్టి, మీటరులో ఒత్తిడి పడిపోతోందా అని చూసే చిన్న పంపులు దొరుకుతాయి. నీళ్లు పోయకముందే లీకు తెలిసిపోతుంది. తర్వాత మదర్‌బోర్డుకు, కార్డుకు పవర్ కేబుళ్లు పెట్టకుండా, పవర్ సప్లైకి, మదర్‌బోర్డు లేకుండానే దాన్ని ఆన్ చేసే జంపర్ ప్లగ్ పెట్టి పంపు ఒక్కటే నడపాలి. ప్రతి జాయింటు కింద తెల్ల టిష్యూ కాగితం పెట్టాలి. కేసును మెల్లగా అటూ ఇటూ వంచుతూ ఉంటే మూలల్లో దాక్కున్న బుడగలు ట్యాంకులోకి వచ్చేస్తాయి. చిన్న కేసులో వంకరలు ఎక్కువ కాబట్టి దీనికే గంట పట్టొచ్చు. రాత్రంతా పంపు అలాగే తిరగనిచ్చి, పొద్దున టిష్యూలు పొడిగా ఉంటేనే మిగతా కేబుళ్లు బిగించండి.